ఆరోగ్య హక్కు: బాకీదారు ఎవరు?

1997. దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరం. తియాగరాజ్ సూబ్రమనీ అనే 41 ఏళ్ల మనిషికి కిడ్నీలు పూర్తిగా పాడయ్యాయి. పేరు వింటేనే మన వైపు మూలాలు తెలుస్తాయి. చెరకు తోటల్లో పనికి మద్రాసు రేవులో ఓడలెక్కిన తమిళ, తెలుగు కూలీల సంతతి ఇప్పటికీ పెద్ద సంఖ్యలో ఉన్న ఊరది. ఆయనకు ఉద్యోగం లేదు. మధుమేహం, గుండె జబ్బు ఉన్నాయి. అంతకు ముందు ఏడాదే పక్షవాతం వచ్చింది. చేతిలో ఉన్న డబ్బుతో కొన్నాళ్లు ప్రైవేటుగా డయాలసిస్ చేయించుకున్నాడు. డబ్బయిపోయాక ప్రభుత్వ ఆసుపత్రి గడప తొక్కాడు. అక్కడ ఉన్నవి 20 యంత్రాలు, వాటిలో కొన్ని పాతబడినవి. రోగులు అంతకు చాలా ఎక్కువ. అందుకని ఆసుపత్రి ఒక నియమం పెట్టుకుంది: కిడ్నీ మళ్లీ కోలుకునే అవకాశం ఉన్నవారికి మొదట, ఆ తరువాత కిడ్నీ మార్పిడికి తగినవారికి. గుండె జబ్బు ఉన్నందువల్ల ఆయన మార్పిడికి తగడు. వెనక్కి పంపారు.

ఆయన కోర్టుకు వెళ్లాడు. జాతివివక్ష పాలన పోయాక రాసుకున్న కొత్త రాజ్యాంగం ఆ ఏడాది ఫిబ్రవరిలోనే అమల్లోకి వచ్చింది. వైద్యసేవలు పొందే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందని దాని 27వ సెక్షన్ చెబుతుంది. అత్యవసర వైద్యం ఎవరికీ నిరాకరించరాదని కూడా చెబుతుంది. నవంబరు 27న రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం దగ్గర ఉన్న వనరులు పరిమితం, ఆసుపత్రి నియమం సహేతుకం, దాన్ని పక్షపాతం లేకుండానే అమలు చేశారు, ఇలాంటి కఠినమైన వైద్య నిర్ణయాల్లో కోర్టు తలదూర్చదు అన్నది దాని సారం. దీర్ఘకాల జబ్బుకు వారం వారం చేయవలసిన డయాలసిస్ 'అత్యవసరం' కిందికి రాదని కూడా తేల్చింది. కొద్ది రోజులకే సూబ్రమనీ చనిపోయాడు.

ఈ తీర్పు చదివినప్పుడల్లా నాకు మన పల్లెల్లో రాసుకునే ప్రోనోటు గుర్తుకొస్తుంది. నోటు మీద సంతకం ఉంటుంది, మొత్తం ఉంటుంది, సాక్షులుంటారు. అప్పు తీసుకున్నవాడు 'నా దగ్గర లేదు' అని చేతులెత్తేస్తే ఆ కాగితం ఏం చేయగలదు? హక్కు కూడా బాకీ లాంటిదే. ఒకరికి రావలసింది ఉందంటే ఇంకొకరు ఇవ్వవలసింది ఉండాలి. 'ఆరోగ్యమే మహాభాగ్యం' అని మనం అలవాటుగా అంటాం. భాగ్యం అన్నాక ఎవరినీ అడిగే పని లేదు. ఉంటే ఉంటుంది, లేకపోతే నుదుటి రాత. హక్కు అన్నప్పుడు మాత్రం ఎవరి గుమ్మం ముందు నిలబడాలో తేలాలి. ప్రపంచ దేశాలు 80 ఏళ్లుగా ఆరోగ్యాన్ని భాగ్యం ఖాతాలోంచి తీసి హక్కు ఖాతాలో రాస్తూ వస్తున్నాయి. బాకీదారు పేరు రాయవలసిన గడి దగ్గరే ప్రతిసారీ కలం తడబడుతోంది.

గడువు తేదీ లేని నోటు

మొదటి సంతకాల కథ ఆసక్తిగా ఉంటుంది. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి చార్టర్ రాస్తున్నప్పుడు ఆరోగ్యం అన్న మాట దాదాపు జారిపోయింది. బ్రెజిల్, చైనా ప్రతినిధి బృందాల్లో ఉన్న వైద్యులు పట్టుబట్టి దాన్ని చేర్పించారు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో 61 దేశాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం మీద సంతకాలు చేశాయి. ఆరోగ్యమంటే రోగం లేకపోవడం మాత్రమే కాదని, శారీరక, మానసిక, సామాజిక క్షేమమని అది నిర్వచించింది. అందుకోగలిగిన అత్యున్నత స్థాయి ఆరోగ్యం జాతి, మతం, రాజకీయ విశ్వాసం, ఆర్థిక స్థితి భేదాలు లేకుండా ప్రతి మనిషికీ ప్రాథమిక హక్కు అని ప్రకటించింది. అది అమల్లోకి వచ్చిన 1948 ఏప్రిల్ 7నే ఏటా ప్రపంచ ఆరోగ్య దినంగా జరుపుకుంటున్నాం. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన విశ్వ మానవ హక్కుల ప్రకటన 25వ అధికరణంలో తిండి, బట్ట, ఇల్లు, వైద్యం ఒకే వరుసలో కనిపిస్తాయి. ఆ వరుసను గుర్తుపెట్టుకోండి, చివర్లో దానితో పనుంది.

ప్రకటనలు గొప్పవే, కానీ చట్టం కావు. వాటిని కట్టుబడవలసిన ఒడంబడికగా మార్చేటప్పుడు ప్రచ్ఛన్నయుద్ధం అడ్డొచ్చింది. భావప్రకటన, ఓటు, న్యాయవిచారణ వంటివే అసలైన హక్కులని పశ్చిమ దేశాలు. పని, వైద్యం, చదువు లేకుండా ఆ హక్కులు డొల్ల అని సోవియట్ కూటమి. చివరికి ఒక్క పత్రం రెండయింది. 1966లో పౌర, రాజకీయ హక్కులకు ఒక ఒడంబడిక, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులకు మరొకటి వచ్చాయి. ఆరోగ్యం రెండో దానిలో 12వ అధికరణం అయింది. మొదటి ఒడంబడిక ప్రభుత్వాలను ఇప్పుడే చేయమంటుంది. రెండోది 'అందుబాటులో ఉన్న వనరుల గరిష్ఠ పరిమితి మేరకు', 'క్రమక్రమంగా' సాధించమంటుంది. ప్రోనోటులో గడువు తేదీ రాయవలసిన చోట 'వీలు చూసుకుని' అని రాసినట్టు.

అమెరికా రెండో ఒడంబడికపై 1977లో సంతకం చేసింది, ఇప్పటికీ ఆమోదించలేదు. మొదటిదాన్ని మాత్రం 1992లో ఆమోదించింది. చైనా సరిగ్గా దీనికి తలకిందులు: రెండోదాన్ని 2001లో ఆమోదించి, మొదటిదాన్ని 1998లో చేసిన సంతకం దగ్గరే ఆపింది. మనం 1979లో రెండింటిలోనూ చేరాం.

అంతకు ముందు ఏడాది, 1978 సెప్టెంబరులో, సోవియట్ కజకిస్తాన్‌లోని ఆల్మా-అటా నగరంలో 134 దేశాల ప్రతినిధులు సమావేశమయ్యారు. '2000 నాటికి అందరికీ ఆరోగ్యం' అన్న నినాదం అక్కడే ఊపందుకుంది. అప్పటి ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి హాఫ్‌డాన్ మాలర్ డెన్మార్క్ వైద్యుడు; 1950లలో భారత క్షయ నివారణ కార్యక్రమంలో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. పెద్దాసుపత్రి కట్టినంత మాత్రాన పల్లెకు వైద్యం చేరదని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రాథమిక వైద్యం, తాగునీరు, పోషణ, ప్రజల భాగస్వామ్యం అన్నీ కలిసిన ప్రణాళిక అది. ఏడాది తిరగకుండానే దాతలు, ఆర్థిక సంస్థలు అది ఖర్చుతో కూడిన ఆదర్శమని, టీకాలు, ఓఆర్‌ఎస్ పొట్లాల వంటి కొన్ని చవక పనులు చాలని వాదన మొదలుపెట్టాయి. ఆ పనులు లక్షల మంది పిల్లల్ని బతికించాయి, కాదనలేం. ఆ వెనకే 1980ల అప్పుల సంక్షోభం వచ్చింది. ఎన్నో పేద దేశాల్లో ప్రభుత్వాసుపత్రి గుమ్మం దగ్గర కూడా రుసుము కట్టవలసి వచ్చింది. 2000 సంవత్సరం వచ్చింది, వెళ్లింది.

ఆరోగ్యంగా ఉండే హక్కు కాదు

నినాదం గడువు తీరిన ఆ ఏడాదే ఒక మంచి పని జరిగింది. రెండో ఒడంబడిక అమలును చూసే ఐక్యరాజ్యసమితి కమిటీ 12వ అధికరణానికి వివరమైన వ్యాఖ్యానం రాసింది. 14వ సాధారణ వ్యాఖ్య అని దాని పేరు. చట్టంలా కట్టిపడేసే శక్తి దానికి లేదు గానీ, ఆ తరువాత వచ్చిన వాదనలన్నిటికీ అదే పునాది. 'హక్కు ఉంటే నాకు జబ్బెందుకొచ్చింది?' అనే ప్రశ్నకు అది మొదట జవాబు చెబుతుంది. ఇది ఆరోగ్యంగా ఉండే హక్కు కాదు. వంశపారంపర్యానికీ విధికీ ప్రభుత్వం పూచీ పడలేదు. ఆరోగ్యానికి కావలసిన సేవలు, వసతులు, పరిస్థితులు పొందే హక్కు ఇది. ఆ సేవలు తగినన్ని ఉండాలి, అందరి అందుబాటులోనూ స్తోమతులోనూ ఉండాలి, ప్రజల సంస్కృతిని, వైద్య నీతిని మన్నించాలి, నాణ్యంగా ఉండాలి. సురక్షిత నీరు, పారిశుధ్యం, పని చేసే చోట క్షేమం కూడా ఇందులో భాగమే. ఇంకో గట్టి మాట కూడా అంది: కొన్ని కనీస బాధ్యతలకు 'వీలు చూసుకుని' అన్న సాకు చెల్లదు. వివక్ష చూపకపోవడం, కనీస ఆహారం, ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోని అత్యవసర మందులు అందించడం వాటిలో కొన్ని.

బాకీని అది మూడు పద్దులుగా విడగొట్టింది. మొదటిది గౌరవించడం, అంటే ప్రభుత్వం తానే హాని చేయకూడదు. మనిషి ఒప్పుకోలు లేకుండా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేస్తే ఇది తప్పినట్టు. రెండోది కాపాడటం, అంటే ఇతరుల హానిని అడ్డుకోవాలి; ఫ్యాక్టరీ చెరువులోకి రసాయనాలు వదులుతుంటే చూస్తూ ఊరుకోవడం ఇక్కడి తప్పు. మూడోది నెరవేర్చడం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు, ల్యాబ్ టెక్నీషియన్, మందులు ఉండేలా చూడటం. మొదటి రెండు పద్దులకు పెద్దగా డబ్బు అక్కర్లేదన్నది గమనించాలి. 'వనరులు లేవు' అనే ప్రభుత్వాన్ని ఏ పద్దు గురించి మాట్లాడుతున్నావని తిరిగి అడగవచ్చు.

అలా అడిగినవాళ్లు ఉన్నారు. మళ్లీ దక్షిణాఫ్రికాలోనే. హెచ్‌ఐవీ ఉన్న తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకే ముప్పును నెవిరాపిన్ అనే మందు బాగా తగ్గిస్తుంది. ప్రసవ సమయంలో తల్లికి ఒక మాత్ర, పుట్టిన బిడ్డకు కొన్ని చుక్కలు, అంతే. తయారీ సంస్థ ఐదేళ్ల పాటు ఉచితంగా ఇస్తానంది. అయినా ప్రభుత్వం ఒక్కో రాష్ట్రంలో రెండు ప్రయోగ కేంద్రాలకే దాన్ని పరిమితం చేసింది. అప్పటి అధ్యక్షుడు థాబో ఎంబెకీ ఎయిడ్స్‌కు హెచ్‌ఐవీయే కారణమా అని సందేహించే రోజులవి. ఆరోగ్యమంత్రి వెల్లుల్లి, బీట్‌రూట్ గుణాలు చెప్పేవారు. 1998 మానవ హక్కుల దినం నాడు పుట్టిన ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ కోర్టుకెక్కింది. దాని నాయకుడు జాకీ అచ్మత్ తనకు హెచ్‌ఐవీ ఉన్నా, మందు సామాన్యులకు దొరికే దాకా తానూ వేసుకోనని భీష్మించిన మనిషి. 2002 జులై 5న అదే రాజ్యాంగ న్యాయస్థానం, అదే 27వ సెక్షన్ కింద, ఆ ఆంక్షలు ఎత్తేసి ప్రభుత్వాసుపత్రులన్నిటిలో మందు అందేలా చూడమని ఆదేశించింది.

సూబ్రమనీకి కాదన్న కోర్టు ఆ తల్లులకు ఔనని ఎందుకంది? రెండు కేసుల్లోనూ అది వేసుకున్న ప్రశ్న ఒక్కటే: ప్రభుత్వం చేసినది సహేతుకమా? 20 యంత్రాలను ఎవరికి కేటాయించాలో నిర్ణయించడం సహేతుకం. ఉచితంగా వస్తున్న మందును బీరువాలో పెట్టి తాళం వేయడం కాదు. ఇది నాకు పూర్తిగా నచ్చే జవాబు కాదు. యంత్రాలు 20 మాత్రమే ఎందుకున్నాయి అన్న ప్రశ్న దీనిలో ఇమడదు. బడ్జెట్‌ను కోర్టు ఉన్నదున్నట్టు ఒప్పేసుకుంటుంది. కానీ మందు ఖరీదు సున్నా అయిన క్షణంలో హక్కుకు కోరలు మొలిచాయన్నది మాత్రం కళ్లముందున్న నిజం. అందుకే ఆరోగ్య హక్కు గురించిన అసలు యుద్ధం జెనీవాలోని మానవ హక్కుల కమిటీ గదుల్లో కన్నా మందు ధర తేలే చోట్ల ఎక్కువగా జరిగింది.

ధర ఎవరు కడతారు?

ఆ సహస్రాబ్ది మలుపులో హెచ్‌ఐవీ మందుల కలయిక ఒక రోగికి ఏడాదికి 10 వేల నుంచి 15 వేల డాలర్లు అయ్యేది. చవక మందులు దిగుమతి చేసుకునేందుకు వీలుగా మండేలా ప్రభుత్వం 1997లో చట్టం మారిస్తే 39 మందుల కంపెనీలు కలిసి దావా వేశాయి. అమెరికా ప్రభుత్వం దక్షిణాఫ్రికాను తన వాణిజ్య నిఘా జాబితాలో పెట్టింది. వీధుల్లో జనం, పత్రికల్లో విమర్శలు వెల్లువెత్తాక 2001 ఏప్రిల్‌లో కంపెనీలు దావాను ఉపసంహరించుకున్నాయి. ఆ ఫిబ్రవరిలోనే ముంబయి కంపెనీ సిప్లా అవే మూడు మందుల కలయికను ఏడాదికి 350 డాలర్లకు, అంటే రోజుకు ఒక డాలరు లోపు ధరకు, ఇస్తానని ప్రకటించింది. అసలు ధర ఎంత, పేటెంట్ ధర ఎంత అన్నది ప్రపంచానికి ఒక్కసారిగా అర్థమైంది.

ఆ 350 డాలర్ల వెనక మన చట్టం ఒకటుంది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు పేటెంట్ ఇవ్వలేదు, తయారుచేసే పద్ధతికి మాత్రమే ఇచ్చింది. వేరే పద్ధతి కనిపెట్టగలిగితే అదే మందు చేసుకోవచ్చు. హైదరాబాదులో ప్రభుత్వరంగ ఐడీపీఎల్ కర్మాగారం అలాంటి రసాయన నిపుణులకు బడి అయింది; డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి అక్కడ పనిచేసినవారే. ఆఫ్రికాలో ఇప్పుడు రోజూ మింగే హెచ్‌ఐవీ మాత్రల్లో ఎక్కువ భాగం భారత కంపెనీలవి, వాటిలో హైదరాబాదు కేంద్రంగా ఉన్న హెటెరో, అరబిందో పెద్దవి. ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటు 1995లో వచ్చిన ట్రిప్స్ ఒప్పందం కింద మందుకే 20 ఏళ్ల పేటెంట్ ఇవ్వాలి. మనకు 2005 దాకా గడువిచ్చారు. ఆ గడువు పేద దేశాలన్నిటికీ మందుల గడువుగా మారింది.

ట్రిప్స్‌లో ఒక కిటికీ ఉంది. పేటెంట్ ఉన్నవాడి ఒప్పుకోలు లేకుండానే ఇంకొకరిని ఆ మందు తయారు చేయమని ప్రభుత్వం అనుమతించవచ్చు, యజమానికి తగిన రాయల్టీ ఇప్పించాలి. దీన్నే కంపల్సరీ లైసెన్సు అంటారు. కిటికీ తెరవబోయిన ప్రతి పేద దేశానికీ వాణిజ్య ఆంక్షల బెదిరింపులు వచ్చేవి. 2001 అక్టోబరులో అమెరికాలో ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక జబ్బు క్రిముల పొడి నింపిన ఉత్తరాలు వచ్చాయి. వెంటనే కెనడా, అమెరికా ప్రభుత్వాలు దాని చికిత్సకు వాడే బేయర్ కంపెనీ సిప్రో మాత్రల పేటెంట్‌ను పక్కన పెట్టేస్తామన్నాయి. ఆఫ్రికాలో లక్షల మంది చనిపోతుంటే కదలని నియమం, తమ గడప దగ్గర కొద్దిమందికి ముప్పు రాగానే కదిలింది. ఆ మరుసటి నెలలో దోహాలో జరిగిన వాణిజ్య సమావేశంలో ఈ ఉదాహరణ అందరి మనసుల్లోనూ ఉంది. ప్రజారోగ్యాన్ని కాపాడుకునే, మందులు అందరికీ అందేలా చూసుకునే సభ్యదేశాల హక్కుకు తోడ్పడేలాగే ట్రిప్స్‌ను అర్థం చేసుకోవాలని దోహా ప్రకటన తేల్చింది. సొంత ఫ్యాక్టరీలు లేని దేశాలు ఇంకో దేశంలో తయారు చేయించుకోవడానికి 2003లో ఒక ఏర్పాటు కూడా వచ్చింది. కాగితాల గజిబిజి ఎంతగా ఉందంటే, దాన్ని చివరి దాకా వాడుకున్న దేశం రువాండా ఒక్కటే. 2008లో కెనడా నుంచి హెచ్‌ఐవీ మాత్రలు తెప్పించుకుంది.

ఇక మన దగ్గరి కథ. బేయర్ కంపెనీదే మరో మందు, కిడ్నీ, కాలేయ క్యాన్సర్లకు వాడే నెక్సవార్. నెలకు సరిపడే 120 మాత్రల ధర 2,80,428 రూపాయలు. జబ్బును నయం చేసే మందు కూడా కాదు, ఆయుష్షును కొన్ని నెలలు పొడిగిస్తుంది. హైదరాబాదు కంపెనీ నాట్కో దాన్ని 8,880 రూపాయలకు ఇస్తానంటూ కంపల్సరీ లైసెన్సు అడిగింది. 2012 మార్చి 9న అప్పటి పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ లైసెన్సు ఇచ్చారు. అవసరమైన రోగుల్లో అతి కొద్దిమందికే బేయర్ మందు చేరుతోందని, ధర అందుబాటులో లేదని, దేశంలో దాన్ని తయారు చేయడం లేదని ఆయన మూడు కారణాలు చూపారు. 6 శాతం రాయల్టీ కట్టాలని, ఏటా కనీసం 600 మంది పేద రోగులకు ఉచితంగా ఇవ్వాలని షరతులు పెట్టారు. అప్పీలులో రాయల్టీ 7 శాతమైంది. బొంబాయి హైకోర్టు, 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ఆ నిర్ణయాన్ని కదిలించలేదు. మానవ హక్కుల ఒడంబడికలన్నీ చేయలేని పని ఒక పేటెంట్ కార్యాలయం చేసింది. ధరలో నూటికి 97 వంతులు ఒక్క ఉత్తర్వుతో ఎగిరిపోయాయి.

ఆ తరువాత? ఇంకొకటి రాలేదు. రక్త క్యాన్సర్ మందు దసాటినిబ్ కోసం ఒక కంపెనీ, మధుమేహం మందు సాక్సాగ్లిప్టిన్ కోసం హైదరాబాదుకు చెందిన లీ ఫార్మా అడిగితే తిరస్కరించారు. అమెరికా వాణిజ్య ప్రతినిధి ఏటా విడుదల చేసే నిఘా జాబితాలో భారత్ పేరు పైవరుసలో కొనసాగుతూనే ఉంది. వాణిజ్యం కోసం కంపల్సరీ లైసెన్సులు వాడబోమని భారత ప్రభుత్వం తమకు ఆంతరంగికంగా హామీ ఇచ్చిందని 2016లో అమెరికా-భారత్ వ్యాపార మండలి రాసింది. అలాంటిదేమీ లేదని మన వాణిజ్య శాఖ ఖండించింది. హామీ ఉందో లేదో గానీ లైసెన్సులు మాత్రం లేవు. పేటెంట్ మందు దేశంలో ఎంత అమ్ముడైందో చెప్పే ఫారం 27 నాట్కో కేసులో కీలక సాక్ష్యమైంది. ఏటా దాఖలు చేయవలసిన ఆ ఫారాన్ని 2024లో మూడేళ్లకోసారి చాలన్నారు. ఆరోగ్య హక్కు ఇలాంటి ఫారాల్లో అరుగుతుంది, పత్రికల్లో పతాక శీర్షిక కూడా రాదు.

కోవిడ్ కాలంలో ఇదంతా వేగంగా, పెద్ద తెర మీద మళ్లీ జరిగింది. టీకాలు, మందుల మీద పేటెంట్లను తాత్కాలికంగా పక్కన పెట్టమని 2020 అక్టోబరు 2న భారత్, దక్షిణాఫ్రికా కలిసి అడిగాయి. 20 నెలలు నలిగి 2022 జూన్‌లో బయటికొచ్చినది టీకాలకు మాత్రమే పరిమితమైన ఒక సన్నటి తీర్మానం. అప్పటికి టీకాల కొరత తీరిపోయింది. అలాగని మనల్ని మనం పూర్తిగా మంచి పక్షాన నిలబెట్టుకోలేం. 2021 వసంతంలో రెండో అల విరుచుకుపడగానే మనం ఎగుమతులు ఆపేశాం, మన టీకాల మీద ఆశ పెట్టుకున్న పేద దేశాలు ఎదురుచూస్తూ ఉండిపోయాయి. దేశంలోపల ఒకే టీకాకు కేంద్రానికి ఒక ధర, రాష్ట్రాలకు ఒక ధర, ప్రైవేటుకు ఒక ధర. 18 నుంచి 44 ఏళ్ల వారి విషయంలో ఆ విధానం ప్రాథమికంగా చూస్తే నిరంకుశంగా, అహేతుకంగా ఉందని సుప్రీంకోర్టు అన్న కొద్ది రోజులకే కేంద్రం విధానం మార్చుకుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ బాకీ వసూలు చేసే అధికారి అని చాలామంది అనుకుంటారు. దాని బడ్జెట్‌లో సభ్యదేశాలు తప్పనిసరిగా కట్టే వాటా చాలాకాలం పాటు 20 శాతం లోపే ఉండేది. మిగతాదంతా ఇష్టపడి ఇచ్చేది, ఎక్కువగా ఫలానా పనికేనని షరతు పెట్టి ఇచ్చేది. 2025 జనవరి 20న అమెరికా తప్పుకుంటున్నానంది. అదే రోజుల్లో విదేశీ సాయాన్ని స్తంభింపజేస్తే ఆఫ్రికాలో ఎన్నో హెచ్‌ఐవీ క్లినిక్‌లు మూతపడ్డాయి. ఆర్థిక, సామాజిక హక్కుల ఒడంబడికలోని రెండో అధికరణం అంతర్జాతీయ సహకారం గురించి చెబుతున్నా, సాయం చేయడం చట్టబద్ధమైన బాధ్యత అని సంపన్న దేశాలు ఏనాడూ ఒప్పుకోలేదు. దక్షిణాఫ్రికాలో సలహా కేంద్రాలు, సిబ్బంది దెబ్బతిన్నా మాత్రలు మాత్రం ఆగలేదు, వాటిని ఆ దేశం తన బడ్జెట్ నుంచే కొంటోంది కాబట్టి. కోర్టులో వసూలు చేసుకున్న బాకీకీ దానంగా వచ్చినదానికీ తేడా అక్కడ కనిపించింది. ఆ మేలో ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించింది. సభ్యదేశాల చట్టాలను ఆదేశించే అధికారం సంస్థకు లేదని అందులో ప్రత్యేకంగా రాసుకున్నారు. క్రిముల నమూనాలు ఇచ్చిన దేశానికి టీకాల్లో వాటా ఎంత అన్న అసలు చిక్కును అనుబంధానికి వదిలేశారు.

మన ఇంటి లెక్క

భారత రాజ్యాంగంలో ఆరోగ్య హక్కు అన్న మాట లేదు. ప్రజారోగ్యం మెరుగుపరచడం 47వ అధికరణంలో ఆదేశిక సూత్రం, కోర్టుకెళ్లి అడగలేం. ఆ లోటును సుప్రీంకోర్టు 21వ అధికరణంలోని జీవించే హక్కుతో పూడుస్తూ వచ్చింది. 1992లో బెంగాల్‌లో ఒక వ్యవసాయ కూలీ రైలు నుంచి పడి తలకు గాయమైతే వరుసగా ప్రభుత్వాసుపత్రులు పడకల్లేవు, సదుపాయం లేదు అని తిప్పి పంపాయి. 1996లో కోర్టు 25 వేల రూపాయల పరిహారం ఇప్పించి, డబ్బు లేదన్న సాకుతో ప్రభుత్వం ఈ బాధ్యత నుంచి తప్పుకోలేదని చెప్పింది. సూబ్రమనీ తీర్పుకు ఏడాదిన్నర ముందు మాట ఇది. సూబ్రమనీ కేసులో దక్షిణాఫ్రికా కోర్టు ఈ తీర్పును చదివి, అది నిజమైన అత్యవసర సందర్భం అని పక్కన పెట్టింది. 2015 ముసాయిదా జాతీయ ఆరోగ్య విధానం వైద్యాన్ని చట్టబద్ధ హక్కు చేద్దామంది; 2017లో వచ్చిన తుది విధానం వెనక్కి తగ్గి, క్రమంగా పెరిగే 'హామీ' అన్న మాట పట్టుకుంది. రాజస్థాన్ 2023లో హక్కుగా చట్టం చేస్తే ప్రైవేటు డాక్టర్లు సమ్మెకు దిగారు. అత్యవసర వైద్యానికి అయ్యే డబ్బు ఎవరు, ఎప్పుడు ఇస్తారన్నది వాళ్ల ప్రశ్న. వాళ్లను తిట్టడం తేలిక. కానీ వాళ్లు అడిగినది బాకీదారు పేరే.

మన రెండు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఎన్నో కుటుంబాలను పొలం అమ్ముకోకుండా కాపాడింది. అది హక్కు కాదు, పథకం. పరిమితి ఎన్నికల ముందు పెరుగుతుంది, బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు మధ్యమధ్యలో సేవలు ఆపుతామంటాయి. పథకం పెద్ద జబ్బులకే ఎక్కువగా పనికొస్తుంది; బీపీ, షుగర్ మాత్రలు నెలనెలా జేబులోంచే. మందుల షాపు ముందు చీటీ చాపి 'ఇందులో ముందు ఏది ముఖ్యమో అవి ఇవ్వండి, మిగతావి జీతం వచ్చాక' అనే మాట ఎవరైనా విని ఉంటారు. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశ ఆరోగ్య ఖర్చులో 39.4 శాతం రోగుల జేబుల్లోంచే వచ్చింది. 2013-14లో అది 64.2 శాతం, కాబట్టి తగ్గిన మాట నిజం. ప్రభుత్వాలన్నీ కలిసి పెట్టింది మాత్రం జీడీపీలో 1.84 శాతం, 2025 నాటికి 2.5 శాతం చేస్తామన్నది 2017 విధానం మాట.

మళ్లీ డయాలసిస్ యంత్రం దగ్గరికే రావాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య ఊళ్లకు ఊళ్లు కిడ్నీ జబ్బుతో కుంగిపోయాయి. సూబ్రమనీకి దొరకనిది అక్కడ ఇప్పుడు దొరుకుతుంది. ప్రభుత్వ డయాలసిస్ కేంద్రాలున్నాయి, డయాలసిస్ రోగులకు నెలకు 10 వేల రూపాయల పింఛను వస్తోంది, 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రంతో పాటు 200 పడకల ఆసుపత్రి తెరిచారు. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా తాగునీరు తెచ్చే పథకాన్నీ అప్పుడే ప్రారంభించారు. 1948 ప్రకటనలో తిండి, ఇల్లు, వైద్యం ఎందుకు ఒకే వరుసలో ఉన్నాయో ఉద్దానంలో ఎవరినడిగినా చెబుతారు. అక్కడి బాకీలో వైద్యం పద్దు సగం మాత్రమే. నీటిలోని సిలికా, లోహాలు, పురుగుమందులు, ఎండలో గంటల తరబడి పని, ఒంట్లో నీరు తగ్గిపోవడం అంటూ పరిశోధకులు ఏళ్లుగా ఒక్కొక్కటే పరీక్షిస్తున్నారు. ఇదే కారణమని ఇంకా తేలలేదు. కారణం తేలనంత కాలం 'కాపాడే' బాధ్యత ఎవరి మీద ఎవరు మోపాలి? ఈలోగా కవిటి, సోంపేట, కంచిలి మండలాల నుంచి రోగులు వారానికి రెండు మూడు సార్లు ఆటోల్లో డయాలసిస్ కేంద్రానికి వస్తారు. ఒక్కో విడత నాలుగు గంటలు పడుతుంది.